అడుగున పెద్దసారు

అమీర్‌పేటలో మా గల్లీకి కూరగాయలు రావడం ఆగిపోయిన పదకొండో రోజున, మా డివిజన్ నాయకుడు శ్యాంసుందరన్న బారికేడ్ల అవతల నిలబడి మైకులో చరిత్రాత్మక ప్రకటన చేశాడు. ఇక మీదట ఈ గల్లీ కూరగాయల కోసం ఎవరి మీదా ఆధారపడదు అన్నాడు.

మేమందరం కిటికీల్లోంచి చప్పట్లు కొట్టాం. ఆ రోజుల్లో కిటికీల్లోంచి చప్పట్లు కొట్టడం అందరికీ బాగా అలవాటైపోయింది. అప్పటికి కంటైన్‌మెంట్ అని గల్లీకి రెండు వైపులా రేకులు కొట్టేశారు. తోపుడు బండి లోపలికి రాదు, మమ్మల్ని మెట్రో స్తంభాల దాకా కూడా పోనివ్వరు. అన్న తమకు కూరగాయలు పంపిస్తున్నాడనుకుని ఆడవాళ్లు సంచులు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చారు. తీరా చూస్తే వచ్చినవి విత్తనాలు. ఇంటికి ఒక కవరు. కవరు మీద అన్న ఫోటో, వెనక వైపు పథకం పేరు: 'ఇంటి మీద తోట, ఒంటికి కోట'.

నా భార్య ఉష కవరు విప్పి చూసి, ఇవి ఎన్ని రోజులకు కూర అవుతాయని కిటికీలోంచే అడిగింది. నలభై ఐదు రోజులని అన్న ఏమాత్రం తడబడకుండా చెప్పాడు. అప్పటిదాకా ఏం తినాలని పక్కింటివాళ్లు అడిగితే, ఆశతో ఉండాలని, మానసిక ఆరోగ్యానికి ఆశ చాలా అవసరమని డాక్టర్లే చెబుతున్నారని అన్నాడు.

తర్వాత మేడ తోట వల్ల కలిగే లాభాలు వివరించాడు. మొక్కకు నీళ్లు పోస్తే చేతులకు వ్యాయామం. అది పెరుగుతుంటే చూసేవాడి మనసుకు శాంతి. ఎండలో నిలబడతాం కాబట్టి డి విటమిన్. అన్నిటికంటే ముఖ్యం, మొక్క తుమ్మదు, దగ్గదు, పెళ్లికి పిలవదు. ఎంతసేపు మాట్లాడినా దానితో ఆరడుగుల దూరం పాటించనక్కర్లేదు. ఇంతటి విషయ పరిజ్ఞానం ఉన్న మనిషికి అప్పటిదాకా కార్పొరేటర్ టికెట్ కూడా రాలేదంటే మన వ్యవస్థ ఎలా ఉందో పాఠకులే ఆలోచించుకోవాలి.

నేనెవరో చెప్పలేదు. నా పేరు ఎల్లేశం. మాది సిరిసిల్ల. మగ్గం వదిలేసి వచ్చి ఇరవై రెండేళ్లుగా ఇదే గల్లీలో, ఇదే బిల్డింగు కింద టైలరింగ్ షాపు నడుపుతున్నాను. కంప్యూటర్ కోచింగ్‌కు వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లల ప్యాంట్లు పొట్టి చేయడం నా ప్రధాన వృత్తి. లాక్‌డౌన్‌లో పిల్లలు ఊళ్లకు పోయారు, ప్యాంట్లు కూడా వాళ్లతోనే పోయాయి. కాబట్టి జరిగినదంతా దగ్గర నుంచి చూడటానికి నాకు కావలసినంత తీరిక దొరికింది.

పథకానికి విత్తనాలు ఉన్నాయి. మట్టి తెప్పించవచ్చు. కుండీలే లేవు. అన్న దూరదృష్టి అక్కడే బయటపడింది. ఏప్రిల్‌లో అన్న పుట్టినరోజు. ఏటా పంజగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట దాకా స్తంభానికొక ఫ్లెక్సీ కడతారు. ఆ ఏడు ఫ్లెక్సీలు ప్రింటయ్యాక లాక్‌డౌన్ వచ్చి పడింది. చూసే జనం లేని రోడ్డు మీద పుట్టినరోజు జరుపుకోవడం ప్రజాస్వామ్యానికి మంచిది కాదని అన్న వాటిని కట్టనివ్వలేదు. అవన్నీ పంజగుట్టలో ఒక గోదాములో చుట్టలు చుట్టి పడి ఉన్నాయి. వాటితోనే మొక్కల సంచులు కుట్టిస్తే ప్లాస్టిక్ వృథా కాదు, పుట్టినరోజూ వృథా కాదు.

ఆ కుట్టు పని నాకే అప్పగించి, షాపు తెరవడానికి అన్న పాసు ఇప్పించాడు. నెల రోజుల తర్వాత మిషను చప్పుడు విని నాకు ఏడుపొచ్చింది. ఆ కృతజ్ఞతే తర్వాత చాలా చోట్ల నా నోరు కట్టేసింది. ఆ సంగతి ఇప్పుడే ఒప్పేసుకుంటున్నాను.

ఫ్లెక్సీ చూడనివాళ్లు హైదరాబాద్‌లో ఉండరు గానీ, కుట్టేవాడికి మాత్రమే అందులోని పద్ధతి తెలుస్తుంది. నడుమ నిలువెత్తు అన్న, రెండు చేతులూ జోడించి. పై మూలన గుండ్రటి వలయంలో పార్టీ అధినేత పెద్దసారు. కింద వరసగా శుభాకాంక్షలు చెప్పే పద్నాలుగు మంది, పార్టీలో ఎవరి స్థాయిని బట్టి వాళ్ల తల సైజు. నేను నేల మీద పరిచి టేపు పెట్టాను. ఒక సంచికి ఐదు ముక్కలు కావాలి. ముందు భాగానికి అన్న సరిగ్గా సరిపోయాడు. పక్కలకూ వెనక్కూ శుభాకాంక్షలవాళ్లు సరిపోయారు. ఇక మిగిలింది పై మూల ముక్క. అడుగు పొడవు, అడుగు వెడల్పు. సంచి కింది భాగానికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

అంటే పెద్దసారు అడుక్కి వెళ్తున్నారు. నేను కత్తెర పక్కన పెట్టి అన్నకు ఫోన్ చేశాను.

అన్న స్వయంగా వచ్చాడు. ఒక మాస్కు మీద ఇంకో మాస్కు పెట్టుకుని ముక్కల చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పెద్దసారును ముందు పెట్టి తనను అడుక్కి వేస్తే ఎలా ఉంటుందని కాసేపు ఆలోచించి, దానివల్ల పార్టీ డివిజన్‌లో బలహీనపడుతుందని తేల్చాడు.

"పెద్దసారు మనకు పునాది ఎల్లేశన్నా. పునాది యాడుంటది? కిందనే గదా ఉండేది" అన్నాడు.

అంతటి భక్తిని నేను అంతకుముందు చూడలేదు. మట్టి కారకుండా కుట్ల మీద జిగురు పట్టించి నలభై సంచులు కుట్టాను.

తోట ఎక్కడ పెట్టాలన్న సమస్యే రాలేదు. మా బిల్డింగు మేడ మీద అప్పటికే ఒక తోట ఉంది. అది బుచ్చవ్వది.

బుచ్చవ్వ మా వాచ్‌మన్ భార్య. వాచ్‌మన్ పోయి ఏడేళ్లయినా ఓనరు ఆమెను మెట్ల కింద గదిలో ఉండనిచ్చాడు. సిద్దిపేట వైపు ఒకప్పుడు వ్యవసాయం చేసిన చెయ్యి. పెయింటు బకెట్లు, నూనె డబ్బాలు, పగిలిన కూలర్ తొట్టి, ఎవరో పారేసిన హెల్మెట్, ఏది దొరికితే దాంట్లో మట్టి నింపి టమాట, వంకాయ, పుంటికూర, బచ్చలి, పచ్చిమిర్చి పెంచేది. ప్రతి డబ్బా అడుగునా ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి నాలుగు బొక్కలు పెట్టేది. గల్లీ మూసిన ఆ పదకొండు రోజులూ బిల్డింగులోని ఏడు ఇళ్లూ ఆ డబ్బాల మీదే బతికాయి. పొద్దున్నే ఒక్కో గుమ్మం ముందు ఒక కట్ట ఆకుకూర, నాలుగు టమాటాలు పెట్టి, తలుపు కొట్టి, దూరం జరిగి నిలబడేది. మూడో అంతస్తులో పాజిటివ్ వచ్చి ఒంటరిగా తలుపేసుకున్న స్వరాజ్యం టీచరమ్మకైతే కూర వండే పెట్టేది. ఎవరైనా ఏమైనా ఇవ్వబోతే తీసుకునేది కాదు.

ఇదంతా ఏ పథకమూ లేకుండా, కనీసం ఒక స్లోగన్ కూడా లేకుండా జరుగుతోందని తెలిసి శ్యాంసుందరన్న చాలా బాధపడ్డాడు. ఆ లోటు తీర్చడానికి మా మేడను వెంటనే 'మోడల్ గార్డెన్'గా ప్రకటించాడు.

మాసబ్ ట్యాంక్‌లోని ఒక సర్కారు ఆఫీసు నుంచి పథకానికి నోడల్ ఆఫీసర్‌గా హనుమత్ప్రసాద్ గారు వచ్చారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి పాతికేళ్లుగా ఇక్కడే ఉన్నారు. మొక్కల మీద పెద్ద చదువే చదివారు. బుచ్చవ్వ డబ్బాల మధ్య తిరిగి, వంగి వాసన చూసి, ముచ్చటపడ్డారు. అన్నకు మాత్రం ఆ డబ్బాలు నచ్చలేదు. బకెట్ల మీద పెయింటు కంపెనీ పేరుంది, ప్రజా పథకంలో ప్రైవేటు కంపెనీకి ప్రచారం ఎలా ఇస్తాం అన్నాడు. హెల్మెట్‌లో పుదీనా ఉంటే జనానికి రోడ్డు భద్రత మీద గౌరవం పోతుందన్నాడు. మొక్కలన్నిటినీ పీకి కొత్త సంచుల్లోకి మార్చి, డబ్బాలను చెత్త బండికి ఎక్కించాలని నిర్ణయమైంది.

బుచ్చవ్వ రెండు బకెట్లయినా ఉంచమంది. పథకంలో రెండు రకాలు ఉండకూడదన్నారు. ఆమె ఒక కొత్త సంచి తీసుకుని తిరగేసి చూసింది. పెద్దసారు ఆమె వైపు చూసి నవ్వుతున్నారు.

"గీటికి బొక్కలేవి బిడ్డా? నీళ్లు యాడికెల్లి పోవాలె?" అంది.

అన్న నా వైపు చూశాడు. నేను హనుమత్ప్రసాద్ గారి వైపు చూశాను. ఆయన ఉత్సాహంగా ముందుకొచ్చి, పెద్దావిడ సరిగ్గా చెప్పారని, వేరుకు గాలి ఆడాలని, అడుగున రంధ్రాలు లేకపోతే మొక్క కుళ్లిపోతుందని, ఇది ఫస్టియర్ పాఠమని చెప్పారు. అన్న శ్రద్ధగా విన్నాడు. విని, నా పెట్టెలోంచి దబ్బనం తీసి ఆయన చేతిలో పెట్టాడు. గోనె సంచులు కుట్టే పెద్ద సూది అది, జానెడు ఉంటుంది. తర్వాత ఫోన్ తీసి కెమెరా ఆన్ చేశాడు.

"పొడువుండ్రి సారు. పెద్దసారు మొహం మీద మీ చేత్తోనే పొడువుండ్రి. నేను వీడియో తీస్త" అన్నాడు.

హనుమత్ప్రసాద్ గారు దబ్బనం వైపు చూశారు. పెద్దసారు వైపు చూశారు. ఆయన రిటైర్‌మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలు ఉంది.

"అబ్బే, రంధ్రాలు లేని పద్ధతి కూడా ఒకటుందండి. అదేంటంటే, నీరు వృథాగా పోనివ్వకపోవడం" అన్నారు.

నాలుగో రోజున సర్క్యులర్ వచ్చింది. ఆ పద్ధతి పేరు 'జీరో లీకేజ్ సాగు'. అడుగున రంధ్రం గల కుండీని నీటి దుర్వినియోగంగా పరిగణించవలెను అన్నది అందులో మూడో అంశం.

మొదటి వారం తోట చూడటానికి చాలా బాగుంది. నలభై మంది శ్యాంసుందరన్నలు చేతులు జోడించి, తలల మీద టమాట మొక్కలతో పిట్టగోడ చుట్టూ నిలబడ్డారు. ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో బంజారా హిల్స్ దాకా వెళ్లాయి. రోజూ పొద్దున అన్న అనుచరులు పాసులతో వచ్చి పైపుతో నీళ్లు పట్టేవాళ్లు. వీడియో సరిగ్గా రాకపోతే ఇంకోసారి పట్టేవాళ్లు. అన్న జూమ్‌లో మేడ తోటల మీద వెబినార్ కూడా పెట్టాడు. గంటన్నర అనర్గళంగా మాట్లాడాడు. మ్యూట్ తీయలేదని ఎవరూ చెప్పలేదు, ఆ గంటన్నరా అందరూ ప్రశాంతంగా విన్నారు.

రెండో వారానికి ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. హనుమత్ప్రసాద్ గారు వాటిని పరిశీలించి, ఇది మొక్క పరిపక్వతకు సంకేతమని నివేదిక రాశారు. మూడో వారానికి మట్టి బురదై వాసన కొట్టింది. జూన్‌లో వానలు పడ్డాక సంచుల్లో నీళ్లు నిలిచి దోమలు కూడా పథకంలో చేరాయి. దోమల మందు కొట్టేవాళ్లు తనిఖీకి వచ్చి, నీళ్లు నిలవబెట్టినందుకు నోటీసు రాయబోయారు. ఎవరి పేరున రాయాలని సంచి మీద చూశారు. నలభై సంచుల మీదా అన్న చేతులు జోడించి ఉన్నాడు. వాళ్లూ తిరిగి నమస్కారం పెట్టి దిగిపోయారు.

ఈలోగా గల్లీ రేకులు ఒకసారి తీశారు, ఇంకో కేసు బయటపడగానే మళ్లీ కొట్టారు. ఈసారి గుమ్మాల ముందు ఆకుకూర కట్టలు లేవు. మా ఇంట్లో ఉష చింతపండు చారుతోనే వారాల తరబడి లాగింది. టీచరమ్మకు నెగెటివ్ వచ్చింది గానీ ఒంట్లో సత్తువ రాలేదు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, బుచ్చవ్వ మెట్లెక్కే చప్పుడు కోసం చెవి పెట్టేది. బుచ్చవ్వ ఉత్త చేతులతో ఆ గుమ్మం దాటలేక మూడో అంతస్తుకే పోవడం మానేసింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె నా షాపు ముందుకొచ్చి నిలబడింది. చేతిలో వేరు కుళ్లిన వంకాయ మొక్క ఉంది. పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. నేను ఆమె మొహం వైపు చూడలేకపోయాను. దబ్బనం అడిగింది. దేనికని నేను అడగలేదు. ఇచ్చాను.

అనుచరులు భోజనాలకు పోయిన ఆ గంటలో ఆమె ఎనిమిది సంచులను వంచి, కొంత బురద తీసి, అడుగున పొడిచింది. అంతకు మించి సమయం చాలలేదు. మరునాడు దబ్బనం తిరిగిస్తూ, సారుకు ఏ లోటూ చేయలేదని చెప్పింది. కళ్లు, ముక్కు, నోరు అన్నీ వదిలేసిందట.

"చెవుల కాన్నే పొడిచిన బిడ్డా. పసుపు సుత పెట్టిన. పోరగాండ్లకు చెవులు కుట్టంగలేంది, గీయనకు కుడితే ఏమాయె?" అంది.

పది రోజులకు ఆ ఎనిమిది సంచుల్లో కొత్త చిగుళ్లు వేశాయి. నెలకల్లా పుంటికూర గుబురుగా పెరిగింది. ఒక పొద్దున మూడో అంతస్తు గుమ్మం ముందు ఆకుకూర కట్ట కనిపించిందని ఉష కిందికి పరిగెత్తుకొచ్చి చెప్పింది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ పూట మిషను మీద కూర్చున్నానే గానీ ఏమీ కుట్టలేదు.

సరిగ్గా అప్పుడే మంత్రిగారి పర్యటన ఖరారైంది. 'మహమ్మారి కాలంలో మేడ తోటల ప్రయోజనాలు' అన్న విషయం మీద మా మేడ మీదే సభ. సోమాజిగూడ నుంచి విలేకరులు వస్తారు. అన్న ముందు రోజు పైకొచ్చి చూసుకున్నాడు. ముప్పై రెండు సంచుల్లో ఎండిన కర్రలు, ఎనిమిది సంచుల్లో పచ్చటి మొక్కలు. ఆ తేడా ఎందుకొచ్చిందని ఆయన అడగలేదు. మామూలు మనుషులు కారణం వెతుక్కుంటూ కాలం వృథా చేస్తారు, నాయకులు నేరుగా పరిష్కారానికి పోతారు. ఎర్రగడ్డ రైతుబజార్ నుంచి రెండు పెద్ద బుట్టల కూరగాయలు తెప్పించి నా ముందు పెట్టించాడు. దారం నా దగ్గర ఎలాగూ ఉంది.

కాజాలు కుట్టే చేతులతో ముప్పై రెండు కర్రలకు టమాటాలు, వంకాయలు, బెండకాయలు కట్టాను. రెండోసారి రేకులు కొట్టాక మా గల్లీలోకి వచ్చిన మొదటి కూరగాయలు అవే. ప్రదర్శనలో ఉన్నాయి కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. బిల్డింగువాళ్లందరం తాడు వెనక నిలబడి వాటినే చూశాం.

తొందరలో ఒక కర్రకు టమాటాతో పాటు బీరకాయ కూడా కట్టేశానని మంత్రిగారు దాని ముందు ఆగినప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. ఒకే మొక్కకు రెండు పంటలు తీయడం ఈ పథకం సాధించిన ఘనత అని ప్రకటించారు. విలేకరులు రాసుకున్నారు. హనుమత్ప్రసాద్ గారు తల వంచుకుని తన చెప్పులు చూసుకున్నారు.

ఫోటో కోసం ఒక సంచిని ఎత్తి పట్టుకోమని విలేకరులు అడిగారు. కాయలున్న సంచులు నీళ్లు నిండి ఉన్నాయి, నలుగురు పట్టినా కదల్లేదు. కదిలింది బుచ్చవ్వ సంచుల్లో ఒకటే. మట్టి సగమే ఉంది కాబట్టి ఇద్దరు అనుచరుల సాయంతో మంత్రిగారు దాన్ని ఛాతీ దాకా ఎత్తి నవ్వారు. ఎత్తగానే పెద్దసారు రెండు చెవుల్లోంచి రెండు బురద ధారలు మంత్రిగారి తెల్ల బట్టల మీదుగా కిందికి జారాయి.

సంచిని తిరగేసి చూశారు. పెద్దసారు మీద ఈ దాడి ఎవరు చేశారని మంత్రిగారు మెల్లగా అడిగారు. అన్న మొహం తెల్లబోయింది. దబ్బనం నా జేబులోనే ఉంది. నేను జేబు మీద చెయ్యి వేసుకుని నేల చూశాను. ఉష నా వైపే చూస్తోందని నాకు తెలుసు.

"నేనే పొడిచిన" అంటూ బుచ్చవ్వ తాడు దాటి ముందుకొచ్చింది. "పొడవనియి సచ్చినయి. పొడిచినయి బతికినయి. మీరే చూసుకోండ్రి."

ఆ పథకం మొదలైనప్పటి నుంచి అంత సూటిగా నివేదిక ఇచ్చినవాళ్లు ఇంకొకరు లేరు. మంత్రిగారు నిష్పక్షపాతంగా రెండు వైపులా చూశారు. పొడవని ముప్పై రెండింటికీ కాయలు విరగకాసి ఉన్నాయి. పొడిచిన ఎనిమిదింటిలో ఆకులే తప్ప కాయ లేదు. రంధ్రాలు పెడితే దిగుబడి పడిపోతుందని అక్కడికక్కడే రుజువైపోయింది.

వయసును చూసి బుచ్చవ్వ మీద కేసు పెట్టకుండా వదిలేశారు. మేడ తలుపుకు తాళం వేసి, తాళంచెవి అన్న దగ్గర పెట్టుకున్నాడు. ఆ ఎనిమిది సంచులకు అతుకులు వేయమని నాకు పని అప్పగించారు. పెద్దసారు చెవుల మీద గుండ్రటి ముక్కలు పెట్టి, చుక్క నీరు కారకుండా అంటించి, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టాను. చాలా నీటైన పని. నా చేతి పని చూసి నాకు సిగ్గేసింది ఆ ఒక్కరోజే. పది రోజుల్లో ఆ ఎనిమిది కూడా సర్క్యులర్‌కు అనుగుణంగా తయారయ్యాయి.

బుచ్చవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మోడల్ గార్డెన్‌కు ఉత్తమ మేడ తోటగా ప్రశంసాపత్రం వచ్చింది, దాన్ని లామినేట్ చేయించి మేడ తలుపుకు, తాళం పక్కనే తగిలించారు.

చలికాలంలో ఎన్నికలొచ్చాయి. అభ్యర్థుల జాబితా పొద్దున పదకొండింటికి బయటికొచ్చింది, అందులో అన్న పేరు లేదు. మధ్యాహ్నం భోజనాల లోపు అన్న మెడలో కొత్త కండువా పడింది. పెద్దసారు నియంతృత్వ పోకడలు తనను ఎనిమిదేళ్లుగా లోలోపల కుమిలిపోయేలా చేశాయని విలేకరులతో చెప్పాడు. ఎనిమిదేళ్లు అంత బాధను దిగమింగుకుంటూ పుట్టినరోజులు జరుపుకున్న ఆయన ఓర్పుకు నేను ఆశ్చర్యపోయాను.

మరునాడు పొద్దున డప్పులతో మా బిల్డింగుకు వచ్చాడు. నన్ను దబ్బనం అడిగి తీసుకున్నాడు. మేడ తాళం తీశాడు. డప్పుల వెనక మేమందరం ఎక్కాం. అనుచరులు ఒక్కో సంచినీ పక్కకు వంచి పట్టుకుంటే, అన్న కెమెరాల ముందు పెద్దసారు మొహంలోకి దబ్బనం దించాడు. కళ్లు, ముక్కు వదిలేయాలన్న బుచ్చవ్వ పట్టింపు ఆయనకు లేదు. నలభై సంచులకూ, సంచికి పదేసి పన్నెండేసి బొక్కలు. నెలల తరబడి నిలిచిన ఆకుపచ్చ నీరు మేడంతా పారి, గొట్టంలోంచి గల్లీలోకి దూకింది.

ఎవరు గెలుస్తారో తెలియని రోజులు కాబట్టి హనుమత్ప్రసాద్ గారు సెలవు పెట్టుకుని వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. రిటైర్‌మెంటుకు ఏడు నెలలే ఉంది. అడుగున రంధ్రాలు లేకపోతే వేరు కుళ్లిపోతుందని, ఇది ఫస్టియర్ పాఠమని విలేకరులకు వివరించారు.

సంచుల్లో ఒక్క మొక్క కూడా లేదు. కానీ నీరు దిగిపోయి మట్టి తేరుకుంటోంది. బుచ్చవ్వ ఒక సంచి పక్కన కూర్చుని లోపలికి వేలు పెట్టి చూసింది. తడి మట్టిని నలిపి అరచేతిలో వేసుకుంది. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో నవ్వు చూశాను.

"గిప్పుడు మంచిగైనయి బిడ్డా. రేపు పుంటికూర ఇత్తునాలు చల్లుకుంట" అని అన్నతో చెప్పింది.

అన్న ఆప్యాయంగా ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. పాత కండువాతో తన బొమ్మ ఉన్న సంచి ఇక గల్లీలో ఒక్కటి కూడా కనబడకూడదని, చెత్త బండి కిందనే ఆగి ఉందని చెప్పాడు. గంటలో నలభై సంచులూ మట్టితో సహా మెట్లు దిగిపోయాయి. చివరి సంచిని బుచ్చవ్వ పట్టుకుని వదల్లేదు. ఒక అనుచరుడు ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా, మర్యాదగానే విడిపించాడు.

తర్వాత అన్న నా షాపులోకి వచ్చి కొత్త ఫ్లెక్సీ చుట్ట విప్పాడు. నడుమ నిలువెత్తు అన్న, కొత్త కండువాతో, రెండు చేతులూ జోడించి. కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్లు, ఎక్కువ మంది పాతవాళ్లే. పై మూలన గుండ్రటి వలయంలో కొత్త పార్టీ పెద్దసారు. నేను టేపు పెట్టి కొలిచాను. అడుగు పొడవు, అడుగు వెడల్పు.

ఈసారైనా అడుగున బొక్కలు పెట్టమంటావా అని అడిగాను. అన్న వంగి, ఆ వలయాన్ని వేళ్లతో తాకి కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

తలెత్తి చూస్తే గుమ్మంలో బుచ్చవ్వ ఉంది. అన్న మేడ మీద పారేసి పోయిన దబ్బనాన్ని ఏరుకొచ్చింది. దాన్ని కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. నేను మిషను సొరుగు లాగాను.

"సొర్గుల పెట్టకు బిడ్డా. జర చేతికందేటట్టు పెట్టు" అంది.

దబ్బనాన్ని కిటికీ అంచు మీద, బయటి నుంచి చెయ్యి పెడితే అందేచోట పెట్టాను. తర్వాత మిషను మీద కూర్చుని మొదటి సంచి కుట్టడం మొదలుపెట్టాను.